మెతక నాయకుని మీద పోటీ చేయవచ్చునా?



అమెరికాలో ఉన్న మన బంధువులు ఎన్నికల కాలంలో ఫోన్ చేస్తే "ప్రైమరీ" అనే మాట తరచు వినిపిస్తుంది. అసలు ఎన్నికకు ముందు, పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఆ పార్టీ ఓటర్లే తేల్చే ఎన్నిక అది. మన ఆంధ్ర, తెలంగాణలలో ఆ పద్ధతి లేదు. బీ-ఫారం ఎవరికి ఇవ్వాలో హైకమాండ్ చూసుకుంటుంది. దొరకనివాడు రెబెల్‌గా నామినేషన్ వేస్తాడు. అక్కడ మాత్రం పదవిలో ఉన్నవాని మీద సొంత పార్టీవాడే చట్టప్రకారం పోటీకి దిగవచ్చు. ఉన్నవాడు లంచగొండి అయితే ఆలోచించే పనే లేదు. మంచివాడే, కాని మెతక, అందరితో సర్దుకుపోతాడు అన్నప్పుడే విశ్వాసికి చిక్కు. అటువంటివాని మీద నిలబడటం న్యాయమా, తిరుగుబాటా?

అల్ కుసైస్‌లో ఉన్న మనకు ఇక్కడ ఓటు లేదు. ఇండియాలో వేయాలంటే విమానం ఎక్కి వెళ్లి పోలింగ్ బూత్‌లో స్వయంగా నిలబడాలి. (వాదనకు మాత్రం టికెట్ అక్కరలేదు గనుక అది బాగానే సాగుతుంది.) అయినా ఫెలోషిప్ కమిటీ ఎన్నిక దగ్గరపడితే ఇదే ప్రశ్న మన మధ్యకూ వస్తుంది.

వెంటనే మనకు గుర్తొచ్చేది దావీదు. ఏన్గెదీ గుహలో సౌలు చేతికి చిక్కినా, అభిషిక్తుని మీద చెయ్యి వేయలేదు. ఈ వాక్యం చూపించి ఎంతోమంది నోరు మూయించారు. కాని సౌలు రాజరికానికి గడువు లేదు. గడువు ముగిసి మళ్లీ ఓటు అడుగుతున్నవాడు సౌలు కాడు. ఆయన అడిగినప్పుడు ఇంకొకరు అడగడం వస్త్రపు చెంగు కోయడం కాదు. ఇక్కడ భయపడవలసింది అబ్షాలోము మాదిరికి. అతడు గుమ్మం దగ్గర నిలబడి, వచ్చిపోయేవారితో రాజును తక్కువ చేసి మాట్లాడాడు. ఆ మాట తండ్రి ఎదుట మాత్రం అనలేదు. అంతియొకయలో పౌలు పేతురును ముఖాముఖిగానే నిలదీశాడు, అదీ అందరి ఎదుట. పేతురు స్థానం నాకు కావాలని అడగలేదు.

మన తెలుగువాడొకడు కూడా ఇటువంటి పోటీలో నిలిచాడు. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్ రెండోసారి నిలబడ్డారు. అప్పటికి అధ్యక్షుడు బోసే అయినా పార్టీ పగ్గాలు గాంధీగారి వెంట ఉన్న పెద్దల చేతిలో ఉండేవి. వారు బ్రిటిషువారి పట్ల మెత్తబడుతున్నారని బోస్ అభిప్రాయం. మౌలానా ఆజాద్ తప్పుకోగా, పెద్దల తరఫున నిలిచినవారు బందరు డాక్టరు, ఆంధ్రా బ్యాంకు స్థాపకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య. బోస్‌కు 1580, పట్టాభికి 1377 ఓట్లు వచ్చాయి. ఆ ఓటమి పట్టాభిది కంటె తనదే ఎక్కువ అని గాంధీగారు ప్రకటించారు.

పోటీ చేయడం బోస్ తప్పని నేను అనుకోను. సమస్యల మీద, కార్యక్రమం మీద ఎన్నిక జరగాలని ఆయన అన్నది సరైన మాటే. అయితే పెద్దలు ఫెడరేషన్ విషయంలో ప్రభుత్వంతో రాజీ పడబోతున్నారని రుజువు లేకుండా అనడం వారి మనసు విరిచింది. ఓడినవారు చేసింది అంతకంటె పెద్ద తప్పు. కార్యవర్గ సభ్యుల్లో ఎక్కువమంది రాజీనామా చేశారు. గాంధీగారి ఇష్టప్రకారమే కార్యవర్గం వేయాలని త్రిపురిలో తీర్మానం చేశారు. జబ్బుతో ఉన్న బోస్ ఏప్రిల్ నెలాఖరుకు పదవి వదిలేశారు. ఓట్లలో గెలిచినవాడు పని చేయలేకపోయాడు. పట్టాభి 1948లో పురుషోత్తందాస్ టాండన్‌తో పోటీపడి ఆ పదవికి వచ్చారు.

అమెరికాలో 1980 సంగతి ఇంకా దగ్గరది. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ బాప్టిస్టు విశ్వాసి, సండే స్కూల్ బోధకుడు, తన పార్టీలో మధ్యేమార్గం వాడు. అందరికీ వైద్య బీమా వంటి విషయాల్లో వెనకాడుతున్నాడని సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ ఆయన మీద ప్రైమరీలో దిగాడు. పోటీ ప్రకటించే ముందు టీవీలో వచ్చిన ఇంటర్వ్యూలో, అధ్యక్షుడు ఎందుకు కావాలనుకుంటున్నారని అడిగితే తడబడ్డాడు. ఓడిపోయాక వేదిక మీద కార్టర్‌తో కలిసి చేతులెత్తలేదు. నవంబరులో రేగన్ 44 రాష్ట్రాలు గెలిచాడు. ధరలు, ఇరాన్‌లో బందీలు కూడా కారణాలే గనుక ఓటమి అంతా కెనెడీ నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కాని "ఎందుకు" అన్నదానికి జవాబు లేకుండా దిగడం మాత్రం ఆయన తప్పే.

ఇక మెతకదనం మాట. గలతీయుల పత్రికలో సాత్వికము ఆత్మఫలం. లవొదికయ సంఘపు నులివెచ్చనితనమైతే ప్రభువుకే సహించలేదు. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. నేను చూసేది ఒక్కటే: ఆ మెతకదనం ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? ఒక సెక్రటరీ తన మీద వేసిన నిందలకు బదులు చెప్పక ఊరుకుంటే ఖరీదు ఆయనదే. ఒక సహోదరుడు చనిపోతే కంపెనీ పీఆర్వోతో, కాన్సులేట్‌తో నెమ్మదిగా మాట్లాడి శవాన్ని ఇంటికి పంపించే పని గట్టి గొంతువాడు చేయలేడు. ఇది పరాయి దేశం, అనుమతితో కూడుకునే సంఘం మనది. అటువంటి మెతకవాని మీద నిలబడేవాడు తన గొంతు మీద మోజుతో నిలబడుతున్నాడేమో చూసుకోవాలి.

అదే సెక్రటరీ, మూడు నెలల జీతం రాని క్యాంపు కుర్రవాడు లేబర్ ఆఫీసుకు తోడు రమ్మంటే, ఆ కంపెనీ మేనేజరు మన సభ్యుడని మొగమాటపడి "ప్రార్థన చేద్దాం" అని పంపించేస్తే, ఖరీదు చెల్లిస్తున్నది ఆ కుర్రవాడు. అప్పుడు పేరు ఇవ్వడం తప్పు కాదు. ముందు మాత్రం మత్తయి 18లో ఉన్నట్టు ఆయన గదికి ఒంటరిగా వెళ్లి, "అన్నా, ఆ కుర్రవాని విషయంలో మీరు వెళ్లకపోతే నేను ఎన్నికలో నిలబడతాను" అని చెప్పాలి. ఆయన మరునాడు లేబర్ ఆఫీసుకు బయలుదేరితే పోటీ అక్కరలేదు. బయలుదేరకపోతే నిలబడాలి. ఓడిపోతే మరుసటి వారం ఆరాధనకు ముందుగా వచ్చి ఆయనతో కలిసి కుర్చీలు వేయాలి.