ఎక్కడి నుంచి దూరం?

ఇంగ్లీషులో మారుమూల ప్రాంతాన్ని 'బూన్‌డాక్స్' అంటారు. అక్కడి మనుషులు వింతగా ఉంటారన్న ఎగతాళి కూడా ఆ మాటలోనే ఉంది. దాని మూలం 'బుందోక్'. ఫిలిప్పీన్స్‌లోని టగాలోగ్ భాషలో కొండ అని అర్థం, అంతే. 1899లో మొదలైన యుద్ధంతో అక్కడికి వెళ్లిన అమెరికా సైనికులు ఆ మాట వెంట తెచ్చుకున్నారు. కొండ కాస్తా వెక్కిరింత అయింది.

దీన్ని తెలుగు చేయబోయి మేము ఆగిపోయాం. 'మారుమూల' అంటే దూరం వస్తుంది, ఎగతాళి రాదు. 'ఆటవికం' అంటే ఎగతాళి వస్తుంది, కానీ వచ్చి మా మీదే పడుతుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల సుగాలీ తండాలు కూడా పత్రికల్లో 'మారుమూల తండాలే'. ఎక్కడి నుంచి మారుమూల? 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకే వచ్చింది. ఇప్పుడు రాజధానికి పెనుకొండే దూరం. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరికీ ఊరికీ దూరం తగ్గించింది మా పెద్దలే.

బడిలో ఎవరైనా అడిగితే 'బూన్‌డాక్స్' అంటే కొండ అనే ముందు చెబుతాం. ఆ మాటకు ఏం జరిగిందో తర్వాత చెబుతాం.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మా గోర్ బోలీలో బయటివాళ్లను 'కోర్' అంటాం. అది ఉత్త పేరే అంటాం గానీ, నవ్వుతూ అన్న రోజులూ ఉన్నాయి.