గోడకు పాపం అంటుతుందా?

కత్తితో కూర తరగొచ్చు, కుత్తుకా కొయ్యొచ్చు. మధ్యలో కత్తిదేం తప్పు అంటుంటారు పెద్దలు. కోటలకూ ఈ న్యాయమే వర్తిస్తుందనుకునేవాణ్ణి, లండన్ టవర్ చూసేదాకా.

పేరుకు టవరేగాని అది పెద్ద కోట. 1066లో ఇంగ్లండును గెలిచిన విలియం రాజు లండన్ జనాన్ని అదుపులో పెట్టడానికి థేమ్స్ ఒడ్డున కట్టించాడు. నడుమనున్న తెల్లబురుజు ఎత్తు 27 మీటర్లు. ఆ రోజుల్లో దాన్ని తలెత్తి చూసినవాడికి గుండె జారిపోయే ఉంటుంది. జారిపోవాలనే కట్టాడు మరి!

తరవాత ఆ కోట చెయ్యని ఉద్యోగం లేదు. రాజుగారి నివాసమైంది. చెరసాల అయింది. మొదటి ఖైదీ ఒక బిషప్పుగారు. 1101లో తాడు పట్టుకుని కిందికి జారి ఉడాయించాడు. జంతుశాల కూడా అయింది. 1252లో నార్వే నుంచి వచ్చిన తెల్ల ఎలుగుబంటి, గొలుసుతోనే థేమ్స్‌లో దిగి చేపలు పట్టుకునేదిట. 1255లో వచ్చిన ఏనుగు రెండేళ్లకే చచ్చిపోయింది. అయిదు వందల ఏళ్లకు పైగా టంకసాల అక్కడే. 1696 నుంచి మన న్యూటన్ మహాశయుడే అందులో అధికారి. ఇవిగాక ఆయుధాల కొట్టు, దస్తావేజుల కొట్టు.

1533లో ఆన్ బొలీన్ పట్టాభిషేకానికి ముందు ఇక్కడి రాజమందిరంలో విడిది చేసింది. మూడేళ్లు తిరక్కుండానే, 1536లో, మొగుడి ఆజ్ఞతో అదే మందిరంలో ఖైదీ అయింది. తల తీయించారు. గోడ మారలేదు, తలుపు మారలేదు. తాళంచెవి ఉన్నవాడి మనసు మారింది.

అయితే గోడ నిర్దోషేగా? అక్కడే నాకు సందేహం వచ్చింది. బంగారం, సింహం, దస్తావేజు, రాణి... ఇన్ని మారినా గోడ చేసిన పని ఒక్కటే: యజమాని అనుమతి లేకుండా లోపలిది బయటికి పోకూడదు. కత్తి దేనికైనా పనికొస్తుంది. కొన్ని వస్తువులు మాత్రం పుట్టడమే ఎదుటివాడి భయం మీద పుడతాయి. అవి అందుబాటులో ఉంటే, మంచివాడికి కూడా చెడు చెయ్యడం సుళువవుతుంది. రాజుల పెత్తనం పోయి పార్లమెంటు కాలం వచ్చాక కూడా, 1941లో, ఒక జర్మన్ గూఢచారిని అక్కడే కుర్చీలో కూచోబెట్టి కాల్చారు. గోడ తన పని మరిచిపోలేదన్నమాట.

కోటలోపలి పచ్చికలో, తలలు తెగినవాళ్ల గుర్తుగా ఒక గాజుదిండు పెట్టారు. దాని పక్కన నన్ను నిలబెట్టి మా అబ్బాయి, “నవ్వండి నాన్నగారూ” అన్నాడు. అలవాటు కొద్దీ నవ్వేశాను. వెంటనే సిగ్గేసింది. చావు జరిగిన ఇంట్లో పళ్లికిలించినట్టయింది.

సాయంత్రం, టిక్కెట్లు కొన్నవాళ్లందరం గేటు దాటి బయటికొచ్చాం. ఎవరినీ అనుమతి అడగలేదు. ఇన్ని వందల ఏళ్లలో ఆ గోడ నేర్చుకున్న కొత్త పని ఏదైనా ఉంటే ఇదొక్కటే.

“ఇప్పుడు తియ్యరా ఫోటో” అన్నాను మా అబ్బాయితో, గేటు బయట నిలబడి.