ఎవరి కొలతతో చూస్తున్నాం?

మన ఊళ్లో ఎవరైనా నలుగురిలా నడుచుకోకపోతే “వాడిదో రకం” అంటాం. బడిలో ఆ మాటే “మందబుద్ధి” అవుతుంది. ఆసుపత్రి చీటీలో ఇంకో పేరవుతుంది. ఒకసారి పడిన పేరు వదలదు. కాబట్టి ఆ పేరు ఎవరు పెడుతున్నారు, దేన్ని చూసి పెడుతున్నారు అని అడగడం మన పనే, ముఖ్యంగా పాఠాలు చెప్పే మన పని.

ఉపాధ్యాయ శిక్షణలో మనమంతా “అపసామాన్య ప్రవర్తన” అనే పాఠం చదివాం. కొలతలు బట్టీ పట్టి పరీక్ష రాశాం: పదిమందిలో అరుదుగా కనిపించడం, సమాజం కట్టుబాటుకు భిన్నంగా ఉండడం, ఆ మనిషికి బాధ కలగడం, రోజువారీ బతుకు సాగకపోవడం. తనకో పరులకో ప్రమాదం ఉండడాన్ని కూడా కొందరు కలుపుతారు. వీటిలో ఏ ఒక్కటీ చాలదని మనోవిజ్ఞానులే ఒప్పుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

అంకెల కొలత చూడండి. తెలివి పరీక్షల్లో సగటు 100. 70 కంటే తక్కువ వచ్చేవారు నూటికి సుమారు ఇద్దరు. 130 దాటేవారూ దాదాపు అంతేమంది. వాళ్లూ అరుదే, అయినా వాళ్లను రోగులని ఎవరూ అనరు. అంటే అంకె తనంతట తాను ఏమీ చెప్పదు. పైగా ఇంట్లో కోయ, కువి, సవర మాట్లాడే పిల్లకు తెలుగులో ప్రశ్న వేస్తే మనం కొలిచింది ఆమె తెలివినా, ఆమె తెలుగునా?

కట్టుబాటు కొలత ఇంకా ప్రమాదం. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, యజమానుల దగ్గరనుంచి పారిపోయే నల్లజాతి బానిసలకు ఒక మానసిక రోగం ఉందని రాశాడు. దానికి “డ్రాపెటోమేనియా” అని పేరు పెట్టాడు. కొరడా దెబ్బలు కూడా అతను చెప్పిన మందుల్లో ఉన్నాయి. స్వేచ్ఛ కోరడం రోగమట! మన దేశంలో 1871 చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసింది. మన ఎరుకల సోదరులు కూడా ఆ ముద్రను మోశారు. చట్టం పోయినా చూపు పోలేదని వాళ్లనడిగితే చెబుతారు. స్వలింగ ప్రేమను కూడా అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగాల పట్టికలో ఉంచి, 1973లో తీసేసింది. ఆ మనుషులు మారలేదు, కొలత మారింది.

ఇప్పుడు మన ఆశ్రమ పాఠశాలకు వద్దాం. ఆరేళ్ల పిల్లాడు రాత్రి గోడ దూకి కొండ దాటి ఇంటికి పోతాడు. “ప్రవర్తన సరిగా లేదు” అని రాసేస్తారు. కార్ట్‌రైట్‌ను చదివాక ఆ వాక్యం రాయడానికి చెయ్యి కొంచెం ఆగాలి. పిల్లాడు దేన్నుంచి పారిపోయాడో, ఎవరి దగ్గరికి పోయాడో అడగకుండా జబ్బు వాడిలోనే ఉందనడం సులువు.

పూనకం సంగతీ అంతే. సవరల్లో చనిపోయినవారు పూజారిణి నోట మాట్లాడతారు, బంధువులు వాళ్లతో గొడవపడతారు, ఏడుస్తారు. ఎక్కడో గదిలో కూర్చున్న వైద్యుడికి అది భ్రమలా కనిపించవచ్చు. కానీ అది ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ముగియాలో అందరికీ తెలుసు. ముగిశాక ఆమె వంట చేసుకుంటుంది, పోడుకు పోతుంది. ఆత్మీయులు పోయినప్పుడు తన సంస్కృతి ఒప్పుకునే రీతిలో మనిషి స్పందిస్తే అది మానసిక రుగ్మత కాదని 2013లో వచ్చిన అమెరికా నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పు కూడా అంటోంది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఒక సాంస్కృతిక సమూహానికి చెందడాన్ని బట్టిగానీ, చుట్టూ ఉన్న విలువలకు ఒదగకపోవడాన్ని బట్టిగానీ ఎవరినీ మానసిక రోగి అని తేల్చకూడదని చెప్పింది. ఆ చట్టం మనం చదివి ఉంచుకోవాలి.

అయితే తప్పు బయటివాళ్లదే అని ఊరుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. ఒంటరిగా ఉండి, తనలో తాను మాట్లాడుకునే ముసలామె మీద చిల్లంగి నింద వేసేది మన కట్టుబాటే. ఆ నిందతో ప్రాణాలు పోయాయి. మూర్ఛ వచ్చే పిల్లను దెయ్యం పట్టిందని మందుకు దూరం చేసేదీ మనమే. నిద్రలేక, తనను చంపుతామనే గొంతులు వింటూ వణికిపోయే యువకుడి దగ్గర “ఇది మన ఆచారం” అనకూడదు. అతను బాధపడుతున్నాడు, పనికి పోలేకపోతున్నాడు. ఇక్కడ కొలతలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. దిసారి దగ్గరికి పోనివ్వండి, వద్దనకండి. ఆసుపత్రికి కూడా తీసుకుపోండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు అడగరు.

మాకు తోచినంతలో బడికి పనికొచ్చేవి బాధ, బతుకు సాగడం అనే రెండు కొలతలే. వాటినైనా పిల్ల సొంత మాటలో అడగాలి. తల్లి పోయి రెండు నెలలైన అమ్మాయి తరగతిలో నోరు విప్పడం లేదనుకోండి. అన్నం తింటోందా? నిద్రపోతోందా? స్నేహితురాళ్లతో తన భాషలో మాట్లాడుతోందా? తల్లి దినాలకు ఇంటికి పంపామా, పరీక్షలున్నాయని ఆపామా? హాజరు పట్టీలో వీటికి గడులు ఉండవు, వేరే కాగితం మీద రాసుకోవాలి.