కరవునాటి కూలి, దేవుని మందిరము

ప్రియ చదువరీ, ఆకలిగొన్నవాడు గడపయొద్ద నిలిచియుండగా దేవునికి గొప్ప మందిరము కట్టుట న్యాయమా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. బేతనియలో ఒక స్త్రీ మిక్కిలి విలువగల అత్తరును ప్రభువుమీద పోసినప్పుడు, దానిని అమ్మి బీదలకు ఇయ్యరాదా యని సణిగినవారుండిరి. తెలుగు సీమలో ఈ ప్రశ్నను అడుగదగిన చోటు మెదకు దేవాలయము.

వెస్లియన్ మెథడిస్టు మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1895లో సికిందరాబాదునకు వచ్చి, కొద్దికాలమునకే మెదకులో స్థిరపడిరి. ఆ చిన్న పట్టణములో 1914లో మందిర నిర్మాణము ఆరంభమాయెను. థామస్ ఎడ్వర్డ్ హార్డింగు దొర నమూనా గీసిరి. పని పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. మందిరము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు 175 అడుగులు. ఆ పదేండ్లలోనే మొదటి ప్రపంచ యుద్ధమును కరవును వచ్చెను. ఆకలితో వచ్చిన జనమునకు పాస్నెట్ దొరగారు ఈ మందిరముమీదనే పని చూపించి, ఆ పనికి తిండి దొరకునట్లు చేసిరి.

భిక్షము పెట్టి పంపరాదా, పని యెందుకని ఎవరైన అడుగవచ్చును. నాటి నైజాము రాజ్యపు పల్లెలను తలంచుడి. అక్కడ దొరలకును అధికారులకును మాల మాదిగలు మొదలైన బీదలు వెట్టి చేయవలసియుండెను. వెట్టిలో పని యుండెను గాని కూలి లేదు. భిక్షములో తిండి యుండును గాని తలయెత్తుకొను ధైర్యముండదు. చేసిన పనికి న్యాయమైన కూలి పుచ్చుకొన్నవాడు మాత్రమే, ఇది నా చేతి కష్టమని చెప్పి తన బిడ్డలకు అన్నము పెట్టగలడు. ఆకలి తీర్చుట దయ. ఆకలిగొన్నవానిని మనుష్యునిగా ఎంచుట దయతోకూడిన న్యాయము.

అయితే ప్రశ్న ఇంతటితో తీరలేదు. అదే కూలితో చెరువు త్రవ్వించియుండిన పొలములు పండియుండవా? ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. చెరువు త్రవ్వించుటయు దేవుని పనియే. కాని బీదవానికి కావలసినది అన్నము మాత్రమే యనుకొనుట మరియొక విధమైన చిన్నచూపు. ఊరిలో అందమైన ప్రతి కట్టడపు వాకిలియు మూయబడియున్నవానికి, వాకిలి తెరచియున్న అందమైన మందిరమొకటి అక్కరలేదా? ఫ్రాంక్ సాలిస్‌బరీ చిత్రించిన రంగుటద్దముల కిటికీలలో యేసు జననమును సిలువయు ఆరోహణమును పగటి వెలుగున ప్రకాశించుచుండగా, రాళ్లు మోసినవాని మనుమడు వాటిని చూచి, ఇది మా మందిరమని చెప్పుకొనగలిగినయెడల ఆ వ్యయము వ్యర్థము కాదు. వాడు వాకిటనే ఆగిపోవలసివచ్చినయెడల మాత్రము, సణిగినవారి మాటయే నిజమగును.

1947 సెప్టెంబరు 27న మెథడిస్టులు తక్కిన సంఘములవారితో ఐక్యమై దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. సంఘము పేరు మారెను, మందిరము నిలిచెను. 2024లో దానికి నూరేండ్లు నిండెను. పాస్నెట్ పేరు, హార్డింగు పేరు, సాలిస్‌బరీ పేరు మనమెరుగుదుము. రాయి కొట్టినవాని పేరును, నెత్తిన సున్నపు తట్ట మోసినదాని పేరును ఎందరెరుగుదురు? దేవుడెరుగును. వారు మోసిన రాళ్లక్రింద మనము నీడన కూర్చుండియున్నాము గనుక ఆ ఋణము మనమీద నున్నది.

చదువరీ, నేడు మన ఊళ్లలోను పాత మందిరములు పడగొట్టి పెద్దవి కట్టుచున్నాము. చందా పట్టీలో ఇచ్చినవారి పేర్లు చలువరాతిమీద చెక్కించుచున్నాము. మంచిదే. కాని తాపీమేస్త్రి కూలి సాయంకాలమునకు ముట్టెనా? ఇటుకలు మోసిన స్త్రీకి పురుషునితో సమానముగా ఇచ్చితిమా? ప్రతిష్ఠదినమున వారిని పిలిచి మన ప్రక్కను కూర్చుండబెట్టితిమా, లేక మిగిలిన అన్నము పెట్టి గేటుదగ్గరనుండియే పంపివేసితిమా? బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టునని లేఖనము మనలను హెచ్చరించుచున్నది. ఆ మొఱ్ఱ వినబడుచున్నచోట మన కీర్తనలు ఎంత బిగ్గరగా పాడినను ప్రయోజనమేమి? మందిరపు ఎత్తును మనము అడుగులతో కొలుతుము. దేవుడు దానిని కట్టినవారికి మనమిచ్చిన కూలితోను చోటుతోను కొలుచును.