వినుట కూడ కైంకర్యమే

కర్నూలు నుండి కడపకు పోవు మార్గమున మా దువ్వూరు కలదు. తిరుమలకు తొలి గడపయని పేరొందిన దేవుని కడపకు ఈ దారినే ఎందరో యాత్రికులు పోవుచుందురు. సన్నిధిలో వారు అర్చకునికి గోత్రనామములు చెప్పుదురు. వాని వెనుక చెప్పని మాట యొకటి యుండును. ఎండిన చేను కావచ్చును, చేతికందివచ్చి పోయిన కొడుకు కావచ్చును. తీర్థమిచ్చి పంపినంతనే అర్చకుని విధి తీరినదా?

కొడుకును పోగొట్టుకొన్న తల్లితో "ఇది ప్రారబ్ధము తల్లీ" యనుట శాస్త్రవిరుద్ధము కాదు. అయినను ఆ క్షణమున ఆ మాట ఆమె నోరు మూయించును. తన పాపమే బిడ్డను చంపెనను భీతి దుఃఖమునకు తోడగును. సత్యమైనను అకాలమున పలుకుట దోషమేయని నా అభిప్రాయము.

గీతాచార్యుని చూడుడు. ప్రథమాధ్యాయమున స్వామి పలికినది ఒక్క చిన్న వాక్యము, కూడియున్న కౌరవులను చూడుమని. ఆపై అర్జునుడు తన వణకును, గాండీవము జారుటను, కులక్షయభయమును చెప్పుకొనుచుండగా స్వామి అడ్డుపడలేదు. రెండవ అధ్యాయమున రెండు శ్లోకములతో గద్దించెను గాని దానితో శోకము తీరలేదు. అర్జునుడు మరల చెప్పుకొని, శిష్యుడనని శరణుజొచ్చి, యుద్ధము చేయనని మౌనము వహించిన పిమ్మటనే 11వ శ్లోకమున ఉపదేశము మొదలైనది.

మన వేదవిద్య చెవితోనే ప్రారంభమగును గదా! గురువు ఒకమారు చెప్పగా శిష్యుడు రెండుమార్లు చెప్పును. ఉదాత్తానుదాత్తముల వెంట్రుకవాసి భేదమును పట్టు చెవి, ఎదుటివాని గొంతు పూడుకొనుటను ఏల పట్టరాదు? అమెరికాలో ఆంటన్ బోయిసన్ అను క్రైస్తవ బోధకుడు, స్వయముగా మానసిక వ్యాధితో ఆసుపత్రిలో గడిపినవాడు, 1925లో వూస్టర్ మానసిక వైద్యశాలకు దైవశాస్త్ర విద్యార్థులను రప్పించి, గ్రంథములవలె మనుష్యులను కూడ చదువవలెనని బోధించెను. ఆ సంప్రదాయమున శిష్యుడు రోగితో జరిగిన సంభాషణను ఉన్నదున్నట్లు వ్రాసి గురువునెదుట చదువును. తానెచ్చట తొందరపడి మాట మరల్చెనో అప్పుడు బయటపడును. మతము వేరు గాని, ఇది మన సంథకు చుట్టమే.

పాఠశాలలలో సాయంసమయమున ఒక విద్యార్థి తన కష్టమును చెప్పగా, రెండవవాడు "నీవు చెప్పినది ఇదియేనా?" యని తిరిగి అప్పగించవలెను. అతడు ఔనను వరకు హితవు పలుకరాదు. కొందరు బాలురకు రుద్రాధ్యయనము కన్న ఇదియే కష్టమగును!

సన్నిధిలో విన్నది వీధిలో చెప్పరాదు. అయితే అప్పులబాధ తాళలేక ప్రాణము తీసికొందునని రైతెవడైన పలికినచో ఆ నియమము చెల్లదు. అతనిని ఒంటరిగా పంపక, బంధువులను పిలిపించి, వైద్యుని యొద్దకు తానును వెంట పోవలెను. ఆనాడు పూజకు కొంత ఆలస్యమైనను స్వామి కోపింపడు.