మృతుని యసంపూర్ణగీతము

మరణించినవాని యప్పులు తీర్చుట కొడుకుల ధర్మమని మనవారందఱు నెఱుగుదురు. వాని పొలమును, ఇంటిని, పాత్రసామగ్రిని పంచుకొనుటకు శాస్త్రములు గలవు. అవి చాలనిచో న్యాయస్థానములు గలవు. కాని యాతడు సగము చేసి విడిచిన పని యెవరిది? వ్రాసి కొట్టివేసిన పద్యము, పాడి చాలదని ప్రక్కనబెట్టిన పాట, ఎవరికిని చూపక గోడవైపు త్రిప్పియుంచిన చిత్రము: ఇవి యాస్తియా, రహస్యమా? ఈ ప్రశ్న కవిగాయకులకు మాత్రమే చెందినదని చదువరులు తలపకుందురు గాక. ఇట్టి తప్పు నేనే యొకటి చేసితిని. దాని మాట పిమ్మట చెప్పెదను.

ఈ విషయమున నన్ను చింతింపజేసినది అమెరికా దేశీయుడగు గిటారు విద్వాంసుడు జిమీ హెండ్రిక్సు కథ. ఆతడు 1942లో సియాటిల్ పట్టణమున జన్మించి, 1970 సెప్టెంబరు 18వ తేదీని లండనులో, 27 ఏండ్ల ప్రాయమున మృతినొందెను. రాక్ అను సంగీతమున విద్యుచ్ఛక్తితో మ్రోగు గిటారు నాతనివలె వాయించినవాడు పూర్వ మెవ్వడును లేడని యా విద్య నెఱిగినవారందురు. యంత్రము పెట్టు కూతను, గీరను, ఊళను ఇతరులు దోషములని తొలగింపజూచుచుండగా, నాతడు వానినే స్వరములుగా మలచుకొనెను. జీవించియుండగా స్టూడియోలో సిద్ధపఱచి లోకమునకిచ్చిన ఆల్బములు మూడే: 1967లో రెండు, 1968లో నొకటి. 1970లో వచ్చిన నాలుగవది కచేరీలలో పట్టినది. మరణానంతరము వెలువడినవో, యీ నాలుగింటికి ఎన్నియో రెట్లు!

ఇంత సరకెక్కడిదని యడుగవచ్చును. ఆతడు సాధన చేయుచున్నపుడు సయితము టేపు తిరుగుచునే యుండెడిది. ఒక్క పాటనే పలుమాఱులు వాయించి, తృప్తి కలుగక విడిచి, నెలలు గడచినపిదప మరల చేపట్టుట యాతని యలవాటు. న్యూయార్కులో స్వంతముగా నొక స్టూడియో కట్టించుకొని, 1970 ఆగస్టు 26వ తేదీని దానికి ప్రారంభోత్సవము జరిపించెను. నెల తిరుగకమునుపే మరణించెను. అప్పటికొక పెద్ద ఆల్బమునకు పాటలు సమకూర్చుచు, వాని వరుసను తన చేతితో కాగితములమీద వ్రాసి దిద్దుకొనుచుండెను. వీలునామా వ్రాయలేదు. అంతటి పిన్నవయస్సున నెవడు వ్రాయును?

ఇచ్చట యంత్రము సంగతి కొంత చెప్పక తప్పదు. అట్టి స్టూడియోలలో వెడల్పైన టేపుపై ఎనిమిదో పదునాఱో చాళ్లుండును. ఒక చాలున గిటారు, ఒక చాలున గొంతు, వేఱొక చాలున డ్రమ్ములు. ఏ చాలిని గావలసిన దాని నణచివేసి, మఱియొకనిచేత క్రొత్తగా వాయింపించి చేర్చవచ్చును. మన కచేరీలో మృదంగమును తుడిచివేసి, అయిదేండ్ల పిమ్మట ఎవనిదో మృదంగమును చనిపోయిన గాయకుని గొంతుక్రింద నతికినట్లని తలచుకొనుడు. వినువారి కతుకు తెలియదు. సాధనమున తప్పులేదు; ఆతడు బ్రతికియుండగా దానిని తానే మిక్కిలి నేర్పుతో వాడుకొనెను. తప్పెచటనైన నుండినచో, అది వాడినవాని మనస్సులోనే యుండవలెను.

మరణానంతరము మొదట వెలువడిన 'ద క్రై ఆఫ్ లవ్' అను ఆల్బమును 1971లో నాతని డ్రమ్ములవాడైన మిచ్ మిచెలును, ధ్వనిశిల్పియైన ఎడీ క్రేమరును సిద్ధపఱచిరి. వారాతని ప్రక్కన కూర్చుండి పనిచేసినవారు. ఏ పాటను ముగింపదలచెనో, దేనిని గూర్చి సందేహించుచుండెనో కొంతవఱకైన నెఱిగినవారు. దీనియందు నాకు తప్పు కనబడదు. కాని పిమ్మట నీ టేపులు ఆలన్ డగ్లసు అను నిర్మాత చేతిలో పడినవి. ఆయన 1975లో వెలువడిన 'క్రాష్ లాండింగ్' అను ఆల్బమునకై, హెండ్రిక్సుతో కలసి వాయించిన సహచరుల వాద్యములను పెక్కుచోట్ల తీసివేయించి, కూలికి వచ్చు క్రొత్త వాద్యకారులచేత వాయింపించి చేర్చెను. అంతటితో నాగక కొన్ని పాటలకు తానును రచయితనేయని పేరు వేయించుకొనెను. ఆ ఆల్బము అమెరికాలో అమ్మకపు పట్టికలో నైదవ స్థానము వఱకు నెగబ్రాకెను.

డగ్లసు పక్షమున వాదించువారు లేకపోలేదు. మూలములు కరకుగా నుండెననియు, తాళము తప్పిన చోటులుండెననియు, అట్లే విడిచినచో మృతుని కీర్తికి లోపమనియు వారు చెప్పుదురు. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. శవమునకు స్నానము చేయించి క్రొత్తబట్ట కట్టకుండ బయటికి తీసికొనిపోము గదా! అయినను నాకు సమ్మతి కలుగదు. హేతువిది. మేళములో వాయించుట యొక సంభాషణము. డ్రమ్ములవాడొక దెబ్బ కొట్టగా గిటారువాడు దానికి బదులు చెప్పును. వాడు తడబడగా వీడు వేచియుండును. ఒక్కొక్కప్పుడు వీని పంతము చూచి వాడు నవ్వును. ఆ నవ్వు కూడ టేపులో నుండును. అందు ఒకరి మాటను చెఱిపి, పిమ్మట వచ్చిన పరాయివాని మాట నచట నుంచినచో, మృతుడు తానెన్నడు నెఱుగని మనుష్యునికి బదులు చెప్పుచున్నట్లగును. న్యాయస్థానమున ఒక సాక్షి యిచ్చిన యుత్తరము నుంచి, దానికి ముందడిగిన ప్రశ్నను మార్చినవానిని మనమేమందుము? ఉత్తరములో నొక్క యక్షరము మార్చలేదని వాడు ప్రమాణము చేయగలడు. ఆ ప్రమాణము నిజమే యగును!

అట్లయిన అసంపూర్ణమును పూరించుట సర్వత్ర దోషమా? కాదని మన సాహిత్యమే చెప్పుచున్నది. నన్నయభట్టు అరణ్యపర్వము నాల్గవ యాశ్వాసము నడుమ భారతమును విడిచెను. తిక్కన దాని జోలికి పోక విరాటపర్వము మొదలు కొనసాగించెను. పదునాల్గవ శతాబ్దమున ఎఱ్ఱన యా శేషమును పూరించెను. నన్నయ ఫణితిని పట్టుకొని, నన్నయ కృతిపతియగు రాజరాజనరేంద్రునే సంబోధించుచు వ్రాసెను. ఇంతగా తన్ను మఱుగుపఱచుకొన్న యా మహానుభావుడు పర్వాంతమున మాత్రము, ఈ శేషమును పూరించినవాడను నేనని విస్పష్టముగా చెప్పెను. కావుననే నేడును ఎవరు మానిరో, ఎవరందుకొనిరో బడిపిల్లవాడు సయితము చూపగలడు. డగ్లసు చేసినది దీనికి సరిగా విపర్యయము: అతుకును దాచెను, పేరును చేర్చెను.

రోము దేశమున మఱియొక విధముగా జరిగెను. వర్జిలు కవి తన 'ఈనియడ్' కావ్యమును సంస్కరింపకయే క్రీస్తు పూర్వము 19లో మరణించుచు, దానిని కాల్చివేయుడని కోరెనట. అగస్టసు చక్రవర్తి కాల్చనీయలేదు. ఒక్క మాటయు చేర్చనీయలేదు. సగములో విఱిగిన పాదము లా కావ్యమున నేటికిని విఱిగియే యున్నవి. కవి యాజ్ఞను మీఱుట తప్పేయని నేననుకొందును, ఆ తప్పువలన లాభపడినవారిలో నేనొకడనయ్యు. కాని మీఱినపిదప చూపిన యా సంయమము సామాన్యమైనది కాదు.

హెండ్రిక్సు టేపుల కథ యటుపిమ్మట కొంత మేలుదారి పట్టెను. 1995లో వ్యాజ్యము ముగిసి, తోటపని చేసి బ్రతికిన యాతని తండ్రి ఆల్ హెండ్రిక్సునకు హక్కులు తిరిగి వచ్చెను. కుటుంబమువారి సంస్థ క్రేమరును మరల పిలిపించి, 1997లో నాతని చివరి ఆల్బమును వీలైనంతవఱకు నాతడు తలచిన రీతిని కూర్చి వెలువరించెను. 'క్రాష్ లాండింగ్' అను నామగీతము 2013లో మూల సహచరుల వాద్యముతోనే బయటికి వచ్చెను. ముప్పదియెనిమిదేండ్లు ఆ గిటారు పరాయివారితో మాటలాడవలసివచ్చెను. అట్లని కుటుంబమువారు సర్వథా నిర్దోషులని చెప్పజాలను. 2010లో వారు ప్రకటించిన ఆల్బమునందు కొన్ని పాటలలోని డ్రమ్ములు మున్నగునవి 1987లో చేర్చబడినవే. వాయించినవారు ఆతని పాత సహచరులే కావున అది పరాయివారి చొరబాటు కాదు; మిత్రునితో ఆగిపోయిన సంభాషణమును వృద్ధులగుచున్న మిత్రులు కొనసాగించుట. వినునపుడు నాకు కోపము రాలేదు, జాలి కలిగినది. అయినను మిచెలు క్రొత్తగా వేసిన దెబ్బకు హెండ్రిక్సు బదులు చెప్పలేడు గదా.

ఇక నా తప్పు. మా పెద్దమ్మ పెద్దగా చదువుకొన్నది కాదు. పెండ్లిపాటలు, మంగళహారతులు తానే కట్టి యొక నోటుపుస్తకమున వ్రాసికొనెడిది. ఆమె పోయిన యేడాదికి, సంవత్సరీకమునాడు బంధువులకు పంచుటకై, ఆ పాటలను 200 ప్రతులు నేనచ్చొత్తించితిని. అందు అప్పగింతల పాట చివరి చరణమున మూడు పాదములే యున్నవి. నాలుగవది వ్రాయుటకు మఱచినదనుకొంటిని. ప్రాస కుదిరినది గదాయని, అత్తమామల మాట జవదాటవద్దని కూతునకు బుద్ధి చెప్పుచున్నట్లు నేనొక పాదము వ్రాసి చేర్చితిని. పుస్తకములో ఆ సంగతి యెచటను చెప్పలేదు. ఆమెకు గౌరవము చేయుచున్నాననియే నమ్మితిని.

పుస్తకము చేతికందినపుడు మా అక్క, అనగా పెద్దమ్మ కూతురు, ఆ పుట దగ్గఱ చాలసేపాగి, "తమ్ముడూ, ఇది మా అమ్మ మాట కాదు. ఆ మాట అనడము ఇష్టము లేకనే పాట అక్కడ ఆపేసింది" అనెను. పెద్దమ్మ తన యత్తవారింట పడిన పాట్లు నాకు తెలియనివి కావు. తెలిసియు, ఆమె జీవితమంతయు పలుకనొల్లని మాటను ఆమె నోట నేనుంచితిని.

మిగిలిన ప్రతులు నలువదిదాక నా యొద్ద నున్నవి. ఎవరైన నడిగినపుడు నా పాదముమీద సిరాతో గీత గీసి, ప్రక్కన నా పేరు వ్రాసి యిచ్చుచున్నాను. పంచినవాని మాట నా వశము తప్పినది. మొన్న వైశాఖమున బంధువుల పెండ్లిలో ముగ్గురాడుపిల్లలు ఆ పాటను నాలుగవ పాదముతో కూడ, మంచి గొంతులతో పాడిరి.