ఒక్క నొక్కు కూడా సాక్ష్యమే

మంచి మాటను మెచ్చుకోవడం, చెడ్డ మాటను కాదనడం మానవ సమాజంలో ఎప్పుడూ ఉన్నదే. ఈ రోజుల్లో ఆ పని నోటితో కాక వేలితో జరుగుతోంది. ఇంటర్నెట్‌లో ఎవరో ఒక విషయం రాస్తారు. దాని కింద మెప్పుకు ఒక గుర్తు, తిరస్కారానికి మరో గుర్తు ఉంటాయి. తిరస్కరించినవారి పేరు సాధారణంగా ఎవరికీ కనిపించదు. కారణమూ చెప్పనక్కరలేదు. మరి విశ్వాసి అయినవాడు ఆ గుర్తును ఎప్పుడు నొక్కాలి? ఎలా నొక్కాలి?

ఇంత చిన్న విషయానికి ధర్మంతో పనేమిటని కొందరు అనవచ్చు. కాని ఆలోచించండి! ఆ నొక్కు ఒక సాక్ష్యం. ‘ఈ మాట పనికిరాదు’ అని నలుగురి ముందు చెప్పడమే అది. అంతేకాదు, అది ఒక తూకం కూడా. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. తూకమంటే బియ్యానికీ పప్పుకేనా? మన మాటకు మెప్పు కోరుకుంటూ, మనకు గిట్టనివాని మంచి మాటను తక్కువ చేయడం కూడా తూకంలో మోసమే.

అలాగని తిరస్కారమే తగదా? అలా కాదు. షుగరు రోగిని మందులు మానేయమని ఎవరైనా రాస్తే, చూసి ఊరుకోవడం మర్యాద కాదు, ద్రోహం. హదీసు పండితులు కూడా మొహమాటపడలేదు. ఇమామ్ అలీ బిన్ మదీనీ (మరణం హిజ్రీ 234) తన కన్నతండ్రిని సైతం బలహీన ఉల్లేఖకుడని తేల్చి చెప్పారు.

అయితే ఆ పండితులే ఒక నియమం కూడా పాటించారు. మెప్పును కారణం చెప్పకపోయినా అంగీకరించవచ్చు. తప్పుపట్టడాన్ని మాత్రం కారణం వివరిస్తేనే అంగీకరించాలని ఇబ్నుస్సలాహ్ (మరణం హిజ్రీ 643) రాశారు. ఎందుకంటే ఒకరికి లోపంగా తోచినది నిజానికి లోపం కాకపోవచ్చు. ఫలానా వ్యక్తి హదీసును ఎందుకు వదిలేశారని ఇమామ్ షూబాను అడిగితే, అతడు గుర్రాన్ని దౌడు తీయిస్తుండగా చూశానన్నారట! గుర్రపు దౌడుకూ హదీసు సత్యానికీ సంబంధమేమిటి? కారణం బయటపడింది కాబట్టే దాని బలమెంతో తెలిసింది.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారి ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒక నియమం పెట్టారు. ఒకరి జవాబును తిరస్కరిస్తే రాసినవారికి 2 పాయింట్లు, తిరస్కరించినవారికి 1 పాయింటు తగ్గుతాయి. ఇతరులను తగ్గించేవాడు తానూ కొంత నష్టపోవలసి వస్తే ఆగి ఆలోచిస్తాడు. చెవి, కన్ను, హృదయం అన్నీ ప్రశ్నించబడతాయని నమ్మే విశ్వాసి ఇంకెంత ఆగాలి!

కాబట్టి ముందు పూర్తిగా చదవండి. మనిషిని కాదు, మాటను తూచండి. శత్రుత్వం సైతం మిమ్మల్ని న్యాయం నుండి తప్పించకూడదన్నది మాయిదా సూరా బోధన. పదిమంది కాదన్నారని పదకొండో రాయి వేయకండి. వీలైతే కారణాన్ని మృదువుగా రాయండి. పేరు కనిపించినా ఆ కారణం చెప్పగలరా? చెప్పలేకపోతే వేలు వెనక్కి తీసుకోండి.

తెలియక అడిగేవాని విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక పల్లెవాసి మస్జిదులోనే మూత్రం పోస్తుంటే సహచరులు మండిపడ్డారు. దైవప్రవక్త (స) వారిని ఆపారు. ఆ చోట నీళ్లు పోయించి, అతనికి మస్జిదు మర్యాదను నెమ్మదిగా బోధించారు. తప్పు తప్పుగానే మిగిలింది, కాని మనిషి దూరం కాలేదు. నేడు ఒక విద్యార్థి తెలియక అడిగిన ప్రశ్నను పదిమంది కారణం చెప్పకుండా తొక్కేస్తే, అతడు మళ్లీ అడగకపోవచ్చు. అతని అజ్ఞానం అలాగే ఉండిపోతుంది. దానికి బాధ్యులెవరు?

పేరు మనుషులకు కనిపించదు. అల్లాహ్‌కు కనిపించనిది లేదు. మన నాలుకకూ మన వేలికీ న్యాయబుద్ధిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.